ఒడిశా బోర్డర్ ఊళ్ళల్లో భూమి మీద రీసెర్చ్ చెయ్యాలంటే: ఖతియాన్ తీయడం నుంచి గట్టు నడిచేదాకా

మాది ఒడిశా రాయగడ జిల్లాలో గునుపురం. యూనివర్సిటీల నుంచి వచ్చే పీహెచ్‌డీ పిల్లలకి ఊళ్ళు చూపించడం, రికార్డులు తీసిపెట్టడం, ఒక్కోసారి ఇంటర్వ్యూలో పక్కన కూర్చుని మాట తిప్పడం (అంటే వాళ్ళ భాష నుంచి అనువాదం చెయ్యడం), ఇదంతా పన్నెండేళ్ళుగా చేస్తున్నాను, మధ్యలో నేనూ ఒక థీసిస్ రాసుకున్నాను. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు, "అన్నా, ల్యాండ్ డేటా ఎక్కడ దొరుకుతాది, ఊళ్ళోకి ఎలాగ వెళ్ళాలి" అని. ఎవరికి వాళ్ళకి గంటసేపు చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. రాయగడ, గజపతి జిల్లాలు మనసులో పెట్టుకుని రాసింది ఇది, కోరాపుట్ వైపుకి చాలావరకు పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇక్కడ ఒకే చెక్క భూమికి మూడు లెక్కలుంటాయి: కాయితం మీద ఒకటి, శాటిలైట్లో ఒకటి, రైతు నోట్లో ఒకటి. మూడూ రాసుకోండి. ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకొచ్చింది అన్నదే మీ థీసిస్.

## 1. టాపిక్‌ని ఒక కొండంత చిన్నది చేసుకోండి

"రాయగడ జిల్లాలో గిరిజన భూ సమస్యలు" అని టాపిక్ పట్టుకొచ్చేవాళ్ళు ఏడాదికి ముగ్గురైనా ఉంటారు. 2011 లెక్కల్లోనే జిల్లా జనాభా 9,67,911. మీరు ఉండేది ఆరు నెలలు. ఎక్కడ మొదలెడతారు చెప్పండి.

ఇలా మార్చుకోండి: "ఈ మూడు ఊళ్ళల్లో డోంగర్ (కొండ వాలు) మీద జీడి మొక్కలు పడ్డాక పశువులు ఎక్కడ మేస్తున్నాయి?" దీనికి జవాబు ఊళ్ళో నిలబడి చేత్తో చూపించొచ్చు. చూపించలేని ప్రశ్న అయితే ఇంకా పెద్దదనే అర్థం.

కొత్తవాళ్ళు మొదటి ప్రాజెక్టుకే పొట్టంగి దగ్గర కొటియా ఊళ్ళకి వెళ్ళిపోదాం అంటారు. అవి ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావి అని తగువాడుకునే 21 ఊళ్ళు. అక్కడ "మీది ఏ జిల్లా" అన్న మామూలు ప్రశ్న కూడా రాజకీయమే. ముందు మామూలు ఊరు ఒకటి చేసి చెయ్యి తిరిగాక చూసుకోండి.

## 2. ఊరి పేరు, కోడ్ తేల్చుకోండి

నవ్వొస్తుంది గానీ ఇక్కడే రెండు వారాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. రాయగడ అని జిల్లా ఉంది, గజపతి జిల్లాలో రాయగడ అని ఒక బ్లాకు కూడా ఉంది. రెండూ వేరు వేరు. డేటా ఫైల్లో "రాయగడ" అని మాత్రమే రాసుకుంటే ఆరు నెలల తరవాత ఏది ఏదో మీకే తెలీదు.

ఇంకోటి, రెవెన్యూ లెక్కలో ఊరంటే మౌజా. ఒక మౌజాలో నాలుగు గూడేలు ఉండొచ్చు, కొండమీది గూడేనికి అసలు విడిగా పేరే ఉండకపోవచ్చు. జనం పిలిచే పేరు ఒకటి, రికార్డులో ఒకటి, ఒడియాలో రాసిన స్పెల్లింగ్ ఇంకొకటి.

ఒక షీట్ పెట్టుకోండి, ప్రతి ఊరికీ ఇవి ఉండాలి:

- జనం పిలిచే పేరు, వాళ్ళ భాషలో పేరు వేరే ఉంటే అది కూడా
- మౌజా పేరు, ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్, తహసీల్
- పంచాయితీ, బ్లాకు, జిల్లా
- 2011 సెన్సస్ గ్రామ కోడ్
- ఆ మౌజా కింద ఉన్న గూడేల లిస్టు, ఇళ్ళ సంఖ్య మీరు లెక్కపెట్టింది

1992 అక్టోబరు 2 ముందు గజపతి లేదు, రాయగడ జిల్లా లేదు. అంతకుముందు డేటా కావాలంటే గంజాం, కోరాపుట్ జిల్లాల పేర్ల కింద వెతకాలి. 1936 ఏప్రిల్ 1 కంటే ముందువైతే మద్రాసు ప్రెసిడెన్సీ కాయితాలు, విశాఖపట్నం, గంజాం జిల్లాల కింద ఉంటాయి.

## 3. ఎప్పుడు వెళ్ళాలి

యూనివర్సిటీ సెలవులు చూసుకుని మే, జూన్‌లో దిగుతారు. ఏప్రిల్, మేలో జనం జీడిపిక్కలు, తునికాకు, మామిడి అంటూ అడివిలోనే ఉంటారు. జూన్, జులైలో విత్తనాలు. ఊళ్ళో ముసలాళ్ళూ పిల్లలూ తప్ప ఎవరూ దొరకరు, దొరికినా మీ అరవై ప్రశ్నల ఫారం చూసి లేచిపోతారు, వాళ్ళది తప్పు కాదు.

నా సలహా: మొదటిసారి జనవరి, ఫిబ్రవరి. కోతలయ్యి కాస్త తీరిక ఉంటుంది, సాయంత్రం మంట దగ్గర కూర్చుంటారు. రెండోసారి మార్చి ఆఖరు, ఏప్రిల్, పోడు నరికి తగలబెట్టేది అప్పుడే కాబట్టి ఏ వాలు ఎవరిదో కళ్ళతో కనబడుతుంది. మూడోసారి ఆగస్టులో నాలుగు రోజులు చాలు, ఏం మొలిచిందో చూడ్డానికి.

దోమతెర తప్పకుండా పట్టుకెళ్ళండి. మలేరియా ఇక్కడ కథ కాదు. జ్వరం వస్తే ఆ రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్త పరీక్ష చేయించుకోండి, టౌనుకొచ్చాక చూద్దాంలే అనుకోకండి.

## 4. ఆఫీసులు: ఎవరి దగ్గరికి ఏ వరుసలో

పై నుంచి కిందకి రండి. కింద నుంచి పైకి వెళ్తే ఆర్ఐ గారు "పై నుంచి లెటర్ తెండి" అంటారు, మళ్ళీ తిరగాలి.

- యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి, గైడ్ సంతకంతో పరిచయ లేఖ. లెటర్లో ఊళ్ళ పేర్లు, తారీఖులు, ఏం అడుగుతారో రాయించండి. ఒడియా అనువాదం ఒకటి జతచెయ్యండి
- కలెక్టర్ ఆఫీసు, లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్న కాపీ
- సబ్ కలెక్టర్, తరవాత తహసీల్దార్
- ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ప్రాజెక్ట్ అడ్మినిస్ట్రేటర్. డోంగ్రియా కొంధుల వైపైతే చాటికోనలో, లంజియా సవర్ల వైపైతే పుట్టాసింగిలో, సెరంగోలో ఆ తెగల కోసం పెట్టిన మైక్రో ప్రాజెక్టు ఆఫీసులున్నాయి, వాళ్ళకీ చెప్పాలి
- రిజర్వ్ ఫారెస్టులోకి, లఖారి లోయ శాంక్చురీలోకి అడుగుపెట్టే పనుంటే డీఎఫ్ఓ (అటవీ శాఖ అధికారి) అనుమతి రాతపూర్వకంగా
- పోలీస్ స్టేషన్‌లో పేరు, ఫోన్ నంబరు, ఉండే ఇల్లు చెప్పి రావడం
- ఆఖరికి ఆర్ఐ, అమీన్ (భూమి కొలిచే సర్వేయర్). అసలు పని వీళ్ళ దగ్గరే

ఆఫీసు జీపులో ఊళ్ళోకి మాత్రం దిగకండి. ఒక్కసారి దిగారంటే మీరు సర్వేకి వచ్చిన గవర్నమెంటు మనిషి, ఇంక ఆరు నెలలు ఆ ముద్ర పోదు. బస్సు, షేర్ ఆటో, నడక.

## 5. రికార్డులు తీయడం

ఒడిశా భూలేఖ్ సైటులో జిల్లా, తహసీల్, మౌజా ఎంచుకుంటే ఖతియాన్ (ఎవరి పేర ఏ భూమి ఉందో చెప్పే హక్కుల కాయితం) నంబరుతో గానీ, ప్లాట్ నంబరుతో గానీ, రైతు పేరుతో గానీ వెతకొచ్చు, డబ్బులక్కర్లేదు. అది చూసుకోడానికే, కోర్టుకి పనికొచ్చే సర్టిఫైడ్ కాపీ తహసీల్ ఆఫీసులో తీసుకోవాలి. రీసెర్చ్‌కి సైటు కాపీ చాలు, ఏ తారీఖున తీసారో మూల రాసుకోండి.

అంతా ఒడియాలో ఉంటుంది, అంకెలు కూడా. వారం రోజులు కూర్చుని ఒడియా అంకెలు నేర్చుకోండి దయచేసి. ఒడియా నాలుగు చూడ్డానికి మనం రాసే ఎనిమిదిలా ఉంటుంది, అలసిపోయిన కళ్ళతో నూటికి పదిసార్లు తప్పు పడుతుంది. ఇద్దరు విడివిడిగా ఎంట్రీ చేసి పోల్చుకోవడమే దీనికి మందు.

ఖతియాన్‌లో చూడాల్సినవి: ఎవరి పేర ఉంది, తండ్రి పేరు, కులం, ప్లాట్ నంబర్లు, కిసం, విస్తీర్ణం ఎకరాలు డెసిమల్స్‌లో, మంతవ్యం (రిమార్కుల) గడి. ఆ మంతవ్యం గడి వదిలేస్తారు చాలామంది, మ్యుటేషన్ (పేరు మార్పు) కేసు నంబర్లు అక్కడే ఉంటాయి.

కిసం అంటే భూమి రకం. వరిపల్లం అయితే శారద, ఇంటి స్థలం అయితే ఘరబారి, పశువుల మేత అయితే గోచర్, ఊరడవి అయితే గ్రామ్య జంగల్. గవర్నమెంటు ఖాతాలో "అబాద్ జోగ్య అనాబాది" అంటే సాగుకి పనికొచ్చే బంజరు, "అబాద్ అజోగ్య అనాబాది" అంటే పనికిరాని బంజరు. ఈ రెండో మాట చూసి థీసిస్‌లో "బంజరు భూమి 40 శాతం" అని రాసేస్తారు. వెళ్ళి చూస్తే అక్కడ నాలుగు తరాలుగా చోళ్ళు, కందులు పండుతుంటాయి.

ఇలాగ ఎందుకయిందంటే, పాత ఉమ్మడి కోరాపుట్ సెటిల్‌మెంటులో (భూములు సర్వే చేసి హక్కులు రాసినప్పుడు) 10 డిగ్రీల కంటే వాలు ఎక్కువున్న కొండ భూమిని రైతు పేర రాయలేదు, గవర్నమెంటుదని రాసేసారు. పోడు చేసేదేమో ఆ వాలు మీదే. అంచేత ఇక్కడ "భూమి లేని కుటుంబం" అని కాయితం చెప్తే కొండవైపు చూడకుండా నమ్మకండి.

సైటులో దొరకనివి, అంటే పాత సెటిల్‌మెంటు కాయితాలు, అటవీ హక్కుల ఫైళ్ళు, లీజు ఫైళ్ళు కావాలంటే ఆర్టీఐ పెట్టాలి. ఒడిశాలో తెల్లకాయితం మీద రాసి ఇస్తే చాలదు, ఫారం ఏ నింపాలి, గుర్తింపు కార్డు జిరాక్సు పెట్టాలి, ఫీజు ₹10. గడువు 30 రోజులు. "అన్ని రికార్డులు ఇవ్వండి" అని రాస్తే తిరగ్గొడతారు, మౌజా పేరు, సంవత్సరం, ఫైలు రకం స్పష్టంగా రాయండి.

## 6. కొలతల దగ్గర నేను చేసిన తప్పు

నా థీసిస్‌కి 86 ఇళ్ళ డేటా తీసుకున్నాను. జనం గుంటల్లో చెప్తే ఇంటర్నెట్లో చూసి ఎకరానికి 40 గుంటలు అని మార్చేసుకున్నాను. తెలంగాణాలో, మహారాష్ట్రలో అది సరే. ఒడిశాలో ఎకరానికి 25 గుంటలు. అంటే అక్కడ గుంట రెండున్నర సెంట్లు, ఇక్కడ నాలుగు. ఊరి మొత్తం భూమి ఖతియాన్ మొత్తంలో మూడింట రెండొంతులు కూడా రాలేదు, నేనేమో అదంతా చేతులు మారిపోయిన భూమి అనుకుని ఒక చాప్టరే రాసేసాను. గైడ్ గారు చదివి, "బాబూ, నువ్వు ఏ గుంట లెక్కేసావు" అన్నారు. ఆ రోజు అన్నం సహించలేదు.

బతికిపోయింది ఎందుకంటే, రైతు చెప్పిన మాట ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో ఉంది. మార్చిన కాలమ్ ఒక్కటే కొట్టేసి మళ్ళీ వేసాను.

కాబట్టి:

- రైతు ఏ కొలతలో చెప్తే అదే మొదటి కాలమ్‌లో. ఎకరాల్లోకి మార్చింది రెండో కాలమ్‌లో. మొదటిది ఎప్పుడూ ముట్టుకోవద్దు
- డెసిమల్, మన సెంటు ఒకటే, ఎకరంలో నూరో వంతు. కాశీనగర్ వైపు సెంట్లనే అంటారు
- ఒడిశా గుంట 4 డెసిమల్స్, 25 గుంటలు ఒక మాణ, అంటే ఒక ఎకరం
- కొండ చేలకి గుంటా లేదు ఎకరమూ లేదు, "రెండు కుంచాల చోళ్ళు పడే చేను" అంటారు. అలాగే రాయండి. ఆ ఊళ్ళో నాలుగైదు చేలు స్వయంగా కొలిచి అక్కడి కుంచానికి ఎంత భూమి వస్తుందో తేల్చుకోండి, పక్క ఊరి లెక్క ఈ ఊరికి వాడొద్దు

## 7. మ్యాప్ పని

భూనక్ష సైటులో ప్లాట్ల గీతలతో మౌజా మ్యాప్ చూడొచ్చు. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్లో శాటిలైట్ బొమ్మ మీద కూర్చోబెట్టడం సగం రోజు పని, సరిగ్గా కూర్చోదు, కూర్చోలేదని మ్యాప్‌ని లాగి సాగదీయకండి. చెరువు గట్టు, పాత రోడ్డు మలుపు, గుడి, రెండు వాగులు కలిసే చోటు, ఇలాంటి కదలనివి ఆరేడు పట్టుకుని వాటితో సర్దండి. మిగిలిన తేడా ఎన్ని మీటర్లో రాసి వదిలెయ్యండి.

ఇక్కడ ఎవరూ చెప్పని గొయ్యి ఒకటుంది. తూర్పు రేఖాంశం 84 డిగ్రీల గీత గునుపురానికీ పర్లాకిమిడికీ మధ్యలోంచి పోతుంది. గునుపురం, రాయగడ వైపు యూటీఎం (మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడగొట్టే పద్ధతి) జోన్ 44, పర్లాకిమిడి జోన్ 45. రెండు వైపులా ఊళ్ళు తీసుకుంటే క్యూజీఐఎస్‌లో 32644, 32645 రెండు కోడ్లు వస్తాయి. కలిపేసి ఒకే జోన్‌లో విస్తీర్ణాలు తీస్తే లెక్క కొంచెం జారుతుంది, పైగా ఒక జోన్ పాయింట్లని ఇంకో జోన్ అనుకుని లోడ్ చేస్తే మీ ఊరు వందల కిలోమీటర్ల అవతల పడుతుంది. ఫీల్డులో అక్షాంశ రేఖాంశాలే సేవ్ చెయ్యండి, విస్తీర్ణం లెక్కేసేటప్పుడు మాత్రం ఊరిని బట్టి జోన్ మార్చుకోండి.

ఫోన్ జీపీఎస్‌ని ఎంతవరకు నమ్మాలి? ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. 10 డెసిమల్స్ చెక్క అంటే సుమారు 405 చదరపు మీటర్లు, 20 మీటర్లకి 20 మీటర్లు. ప్రతి అంచూ ఐదు మీటర్లు బయటికి పోతే 900, లోపలికి పోతే 100. అంత తప్పు ప్రతిసారీ రాకపోవచ్చు గానీ చిన్న చెక్కలకి జీపీఎస్ పెట్టకండి, టేపు పట్టండి. ఎకరం దాటిన కొండ చేలకైతే జీపీఎస్ పర్లేదు, రెండుసార్లు చుట్టూ నడిచి సగటు తీయండి.

శాటిలైట్ బొమ్మలకి వస్తే సెంటినెల్-2 పది మీటర్లది, 2015 నుంచి దొరుకుతుంది. అంతకుముందు కాలానికి ల్యాండ్‌శాట్, ముప్ఫై మీటర్లది, 1984 దాకా వెనక్కి వెళ్ళొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే, డిసెంబరు ఫిబ్రవరి మధ్యవి తీసుకోండి, పోడు కోసం ఏప్రిల్.

అసలు మోసం జీడి దగ్గర. జీడి తోట ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది కాబట్టి కంప్యూటర్ దాన్ని అడవి అనేస్తుంది, జామాయిల్ని కూడా అంతే. "అడవి పెరిగింది" అని గ్రాఫు గీసేముందు ఆ పచ్చ మచ్చల్లో కనీసం ముప్ఫై చోట్లకి కాళ్ళతో వెళ్ళి ఏ చెట్టుందో రాసుకురండి.

## 8. ఊళ్ళో మొదటి వారం, మాట తిప్పే మనిషి

తెలుగు వచ్చు కదా పని అయిపోతుంది అనుకుంటారు మనవాళ్ళు. సంతల్లో తెలుగు నడుస్తుంది, నిజమే. కానీ కొండ ఊళ్ళో తెలుగు మాట్లాడే మనిషంటే సావుకారు, లేకపోతే సావుకారి గుమస్తా, జీడిపిక్కలు కొనేవాడు, అప్పు వసూలుకొచ్చేవాడు. మీరు అచ్చంగా అదే భాషలో "మీకెంత భూమి" అని అడిగితే ఏం చెప్తారు? అందుకే కొంధుల ఊరైతే కువి, సవర్ల ఊరైతే సొర, ఆ భాష తెలిసిన మనిషిని పెట్టుకోండి, మీకొచ్చిన నాలుగు ముక్కలతో పలకరింపైనా వాళ్ళ భాషలో మొదలెట్టండి.

ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు:

- అదే ఊరివాడు వద్దు, పక్క పంచాయితీ మేలు. ఊరివాడైతే తన అన్నదమ్ముల తగువు గురించి మాట తిప్పడు
- పంచాయితీ ఎలక్షన్లో నిలబడినవాళ్ళు, వడ్డీ వ్యాపారుల చుట్టాలు వద్దు
- ఆడవాళ్ళతో మాట్లాడ్డానికి ఆడమనిషే ఉండాలి, ఇందులో రాజీ లేదు
- రోజుకూలి ఎంతో ముందే మాట్లాడి, ఏ రోజుది ఆ రోజే ఇచ్చెయ్యండి

ఇంటర్వ్యూలో ఒకావిడ పది నిమిషాలు మాట్లాడితే మీ మనిషి "లేదంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆపండి. రికార్డింగుకి ఒప్పుకుంటే రికార్డ్ చేసి సాయంత్రం వాక్యం వాక్యం విని రాయించుకోండి.

మొదటి వారం ఫారం తియ్యొద్దు. ఊరిపెద్దని, పూజారిని, బారిక్‌ని (ఊళ్ళో కబుర్లు చేరవేసే మనిషి), స్వయం సహాయక సంఘం అమ్మల్ని కలవండి. సంతకి వాళ్ళతో నడవండి, చాటికోన వైపుంటే బుధవారం సంత. ఇంటి లిస్టు మీరే వీధి వీధీ తిరిగి రాసుకోండి. ముప్ఫై నలభై ఇళ్ళ గూడెంలో శాంపిల్ అని సగం ఇళ్ళు వదిలెయ్యకండి, వదిలేసిన ఇల్లే "మమ్మల్నెందుకు అడగలేదు" అంటుంది. అన్ని ఇళ్ళూ చెయ్యండి. కొంధుల ఊళ్ళో చివర ఉండే డొంబు (దళిత కులం) వీధిని చాలా థీసిస్‌లు చూడనే చూడవు, తాకట్టు భూమి కథ సగం అక్కడ వినబడుతుంది.

## 9. ఇంట్లో ఏ వరుసలో అడగాలి

"ఎంత భూమి ఉంది" అన్నది మొదటి ప్రశ్న అయితే ఇంటర్వ్యూ అక్కడే చచ్చిపోయింది. పంటతో మొదలెట్టండి.

ఒకటి, ఈ ఏడు ఏమేం పండించారు. రెండు, ఏది ఎక్కడ. ఇక్కడ చేలకి వాటి పేర్లుంటాయి: వాగు పొడుగునా మెట్లుగా కట్టిన వరి మడి ఝోలా, పల్లపు వరి బెడా, ఊరి దగ్గర మెరక పదర్, కొండ వాలు డోంగర్. ఈ నాలుగు మాటలతో అడిగితే చెక్కలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. మూడు, ఆ చెక్క ఈ ఏడు ఎవరు దున్నారు, పోయినేడు ఎవరు. నాలుగు, పండినదాంట్లో ఎవరికి ఎంత పోయింది. అన్నీ అయ్యాక ఆఖర్న, "దీనికి కాయితం ఏమైనా ఉందా మావయ్యా, చూపిస్తారా."

తాకట్టు అన్న మాట మీరు తీసుకురావద్దు. ఇక్కడ బంధా అంటారు. "నాదే గానీ మూడేళ్ళుగా ఫలానావాళ్ళు దున్నుతున్నారు" అన్నారంటే మీకు అర్థమైపోవాలి. అప్పుడు మెల్లగా, ఎంతకి, ఎప్పటినుంచి అని అడగండి. అప్పిచ్చినవాడు అరుగు మీద కూర్చునుంటే ఆ ప్రశ్న మడిచి జేబులో పెట్టుకుని రేపు రండి.

సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు. "తిత్లీ తుఫానుకి ముందా తరవాతా" అంటే టక్కున చెప్తారు. అలాంటి గుర్తులు: 1980 వంశధార వరద, 1992లో కొత్త జిల్లా, 2013 ఫైలిన్, 2016 నోట్ల రద్దు, 2018 అక్టోబరు తిత్లీ, 2020 కరోనా.

## 10. గట్టు నడవడం

ఒకసారి గుడారి పైన ఒక ఊళ్ళో ముసలాయన చేతికి ఆయన తాతగారి పేరున్న ఖతియాన్ ప్రింటు ఇచ్చాను, 1 ఎకరం 20 డెసిమల్స్. చదివి వినిపిస్తే నవ్వాడు. "మా తాత పోయి ఎన్నాళ్ళయింది. ఇది ముగ్గురం పంచుకున్నాం, ఒకడి వాటా పెళ్ళి అప్పుకింద పోయింది, నాకు మిగిలింది ఆ మూల" అని బెడాలో నాలుగు మళ్ళు చూపించాడు. తరవాత కొండెక్కించాడు. గంటన్నర. పైన తన జీడిచెట్లు కర్రతో ఒక్కొక్కటే తట్టుకుంటూ లెక్కపెట్టాడు, 140. తింటున్నదంతా అక్కడిదే. కాయితంలో ఆ వాలు గవర్నమెంటు బంజరు.

అరుగు మీద కూర్చుని ఉంటే నాకు 40 డెసిమల్స్ రైతు దొరికేవాడు.

ప్రతి చెక్క దగ్గరా నోట్‌బుక్‌లో మూడు గడులు: కాయితం ఏమంటోంది, బొమ్మలో ఏం కనిపిస్తోంది, మనిషి ఏమంటున్నాడు. పక్క చేను ఎవరిదో నాలుగు దిక్కులా అడగండి, రేపు ఆ పక్కవాడి దగ్గర సరిచూసుకోవచ్చు. ఫోన్లో కోబో (సర్వే ఫారాలు నింపే యాప్) ఫారం పెట్టుకుంటే నెట్‌వర్క్ లేకపోయినా సేవ్ అవుతుంది, కానీ పెన్సిల్ నోట్‌బుక్ మానకండి, వానకి ఫోన్ చచ్చిపోతుంది, పెన్సిల్ చావదు.

## 11. చట్టం ఏ ఊరికి ఏది

రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. గజపతిలో పాత ఆర్.ఉదయగిరి తహసీల్, గుమ్మ, రాయగడ బ్లాకులు మాత్రమే. కాబట్టి గజపతిలో రెండు పక్క పక్క పంచాయితీలకి చట్టం వేరు కావొచ్చు.

షెడ్యూల్డ్ ఏరియాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్ నడుస్తుంది, 2002 సవరణ తరవాత గిరిజనుల భూమి గిరిజనేతరులకి మారడం పూర్తిగా నిషిద్ధం. బయట ప్రాంతంలో 1960 భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్, రెవెన్యూ అధికారి అనుమతి లేకుండా మారితే చెల్లదు. ఆంధ్రా 1/70 చట్టం తెలుసు కదా అని అదే ఇక్కడా రాసేసిన చాప్టర్లు చూసాను, అది ఒడిశాలో వర్తించదు.

అటవీ హక్కులకి 2006 చట్టం. ఒడిశాలో దీనికి కూర్చునేది పంచాయితీ స్థాయి గ్రామసభ కాదు, ఊరి స్థాయి పల్లీ సభ. నియమగిరి బాక్సైట్ గనుల మీద 2013 సుప్రీంకోర్టు తీర్పు తరవాత రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళల్లో కూర్చున్నవి కూడా పల్లీ సభలే. వన హక్కుల కమిటీ దగ్గర దరఖాస్తుల నకళ్ళు, చేత్తో గీసిన హద్దుల పటాలు ఉంటాయి, అడిగి చూడండి, తహసీల్లో దొరకని సమాచారం అక్కడుంటుంది.

## 12. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

ఖతియాన్ ఫోటోలు థీసిస్ వెనకాల అతికించడం. అందులో కులం, తండ్రి పేరు, ప్లాట్ నంబరు అన్నీ ఉంటాయి. వద్దు. మనుషులకి, ఊళ్ళకి మారుపేర్లు పెట్టండి.

పోడు చేల జీపీఎస్ పాయింట్లు ఓపెన్ డేటా అని అప్‌లోడ్ చేసెయ్యడం. పట్టా రాని చేను ఎక్కడుందో, ఎవరిదో మీరే ఫారెస్టు వాళ్ళ చేతిలో పెట్టినట్టు. కేసు పడేది వాళ్ళ మీద. ఊరి స్థాయి మొత్తాలే బయటపెట్టండి.

కన్సెంట్ ఫారం మీద వేలిముద్ర. వేలిముద్ర అంటే ఇక్కడ భూమి పోగొట్టుకున్న గుర్తు. ఎథిక్స్ కమిటీతో ముందే మాట్లాడి నోటిమాట కన్సెంట్ రికార్డింగుకి అనుమతి తెచ్చుకోండి.

పట్టా ఇప్పిస్తామని ఆశపెట్టడం. నోరుజారి "పైవాళ్ళకి చెప్తాం" అన్నా చాలు, రేపటి నుంచి అందరూ ఎక్కువ భూమి చెప్తారు. మొదటి రోజే చెప్పండి, నేను చదువుకోడానికి వచ్చాను, నావల్ల పట్టా రాదు అని.

మొగవాళ్ళనే అడగడం. చేను మొగాయన పేర ఉంటుంది, కలుపు, కోత, విత్తనం దాచడం ఆవిడది. ఏ వాలులో ఏ కందులు కలుస్తాయో ఆవిడనే అడగాలి.

## 13. తిరిగి వెళ్ళి చూపించడం

రాతపని మొదలెట్టే ముందే మళ్ళీ వెళ్ళండి. ఊరి మ్యాప్ పెద్ద సైజులో ప్రింటు తీయించి సాయంత్రం అందరూ ఉన్నప్పుడు నేలమీద పరవండి. మనుషుల పేర్లు ఉండకూడదు, చెక్కల పేర్లు, వాగులు, దారులు మాత్రమే. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడరు, తరవాత ఒకళ్ళు వంగి "ఈ వాగు ఇలాగ తిరగదు" అంటారు, ఇంక ఆగరు. ఒకసారి ఒక మామ్మగారు నేను ఝోలా అని రాసిన మూడు చోట్లలో రెండు తప్పని తేల్చేసింది, అవి ఆవిడ కాపరానికొచ్చాక కట్టినవిట, అంతకుముందు ఒట్టి వాగేనట.

ఎవరేం దిద్దారో వేరే రంగు పెన్నుతో ఆ ప్రింటు మీదే వాళ్ళచేతే గీయించండి, ఫోటో తీసుకుని ప్రింటు ఊళ్ళోనే వదిలి రండి. లేమినేషన్ మాత్రం చేయించకండి, పెన్ను అంటదు.